మూడో పట్టాయే ప్రాణం!

రైలును కొండ ఎక్కించడం కష్టమే. ఎక్కిన రైలును క్షేమంగా కిందికి దించడం అంతకంటే కష్టం! న్యూజిలాండ్‌లోని ఫెదర్‌స్టన్ అనే చిన్న ఊరికి వెళ్తే ఆ కష్టమేంటో కళ్లారా చూడొచ్చు.

రాజధాని వెల్లింగ్టన్ నుంచి అక్కడికి రైల్లో సుమారు గంట ప్రయాణం. దారిలో 8.8 కిలోమీటర్ల సొరంగం వస్తుంది. అంతా చీకటే. ఆ చీకటికి సరిగ్గా నెత్తిన ఉన్నవే రెముటక కొండలు. 1878 నుంచి 1955 దాకా వైరరాపా ప్రాంతపు గొర్రెలూ, ఉన్నీ, మనుషులూ... అందరూ ఈ కొండ మీదుగానే రైల్లో వెళ్లేవారు.

కొండకు ఒకవైపు దారి ఫర్వాలేదు. రెండోవైపు, సమ్మిట్ స్టేషన్ నుంచి క్రాస్ క్రీక్ దాకా ఉన్న అయిదు కిలోమీటర్లలోపు దారే గుండెలు అదరగొట్టేది. పదిహేను అడుగులు నడిస్తే ఒక అడుగు కిందికి దిగిపోయేంత వాలు! మన అరకు దారిలో ఇది అరవై అడుగులకు ఒకటి. దానికే మనం కిటికీలోంచి చూసి అబ్బో అనుకుంటాం.

ఈ వాలు మీద 260 టన్నుల గూడ్సు దిగుతోందనుకోండి. దాన్ని పదిహేడు టన్నుల బలం అదేపనిగా కిందికి లాగుతుంటుంది. మామూలు బ్రేకు చక్రాన్ని ఆపుతుంది. కానీ చక్రం ఆగినా ఇనుప పట్టా మీద జారిపోతే? వాన పడినప్పుడు, ఆకులు రాలినప్పుడు ఆ భయం మరీ ఎక్కువ.

దీనికి విరుగుడు కనిపెట్టినవాడు ఇంగ్లండుకు చెందిన ఇంజినీరు జాన్ బారాక్లో ఫెల్. రెండు పట్టాల నడుమ, కాస్త ఎత్తులో మూడో పట్టా వేయించాడు. ఇంజిన్ అడుగున అడ్డంగా తిరిగే నాలుగు చక్రాలు దాన్ని రెండువైపుల నుంచీ నొక్కి పట్టుకుని పైకి పాకుతాయి. దిగేటప్పుడు అదే పట్టాను ఇనుప బ్రేకు దిమ్మలు పటకారులా బిగిస్తాయి. రైలు బరువుతో ఈ పట్టుకు సంబంధం లేదు. ఎంత బిగిస్తే అంత పట్టు.

ఒక్కో ఇంజిన్ పైకి లాగగలిగింది అరవై టన్నుల పైచిలుకే. అందుకే పెద్ద గూడ్సుకు నాలుగైదు ఇంజిన్లను అక్కడక్కడా తగిలించేవారు. దిగే రైలుకు బరువును బట్టి ప్రత్యేకమైన బ్రేకు వ్యాన్లు కట్టేవారు. వాటిలో మనుషులు నిలబడి చేత్తో చక్రం తిప్పుతూ దిమ్మలు బిగించాలి. గంటకు పదహారు కిలోమీటర్లు దాటితే ప్రమాదమే. దిమ్మలేమో కొద్ది ప్రయాణాలకే అరిగిపోయేవి. కొత్తవి వేయడం క్రాస్ క్రీక్ షెడ్డులో నిత్యకృత్యం!

ఆ క్రాస్ క్రీక్‌కు రోడ్డు లేదు. రైల్వే కుటుంబాలే ఊరు. పిల్లలకో బడి. సరుకులు రావాలన్నా రైలే గతి.

బ్రేకులు లొంగదీసింది వాలునే, గాలిని కాదు. 1880 సెప్టెంబరు 11న ‘సైబీరియా’ అని పిలిచే మలుపు దగ్గర పెనుగాలి ఇంజిన్‌కు ముందున్న పెట్టెలను పట్టాల మీంచి ఎత్తి పడేసింది. పెట్టెలు గొలుసులకు వేలాడాయి. మధ్య పట్టాను పట్టుకున్న ఇంజిన్ మాత్రం కదలలేదు. లేకపోతే రైలంతా లోయలోకే. అయినా చిన్నపిల్లలు చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ గాలికి అడ్డంగా కంచెలు కట్టారు.

1955 అక్టోబరు 29న కొండ మీద చివరి రైళ్లు నడిచాయి. నవంబరు 3న సొరంగం తెరిచారు. ఆరు ఇంజిన్లలో అయిదు తుక్కుగా పోయాయి. మిగిలిన హెచ్-199 ఫెదర్‌స్టన్ పార్కులో పిల్లలు ఎక్కి ఆడుకునే బొమ్మయింది. ఎండకూ వానకూ తుప్పు పడుతుంటే ఊరివాళ్లే పూనుకుని బాగుచేశారు. 1984లో దానికోసం మ్యూజియం తెరిచారు. ప్రపంచంలో మిగిలిన ఫెల్ ఆవిరి ఇంజిన్ ఇదొక్కటే. పక్కనే ఓ బ్రేకు వ్యానూ ఉంది.

పాత రైలు దారి ఇప్పుడు నడిచేవాళ్లదీ, సైకిళ్లవాళ్లదీ. సమ్మిట్ దగ్గరి సొరంగంలోకి టార్చిలైటు వెంట ఉండాల్సిందే. అది దాటాక వాలు మొదలవుతుంది. అక్కడి నుంచి సైకిలు దిగే ప్రతివాళ్ల వేళ్లూ బ్రేకుల మీదే ఉంటాయి.