గట్టు పలుకుతుంది, జల పలకదు

మా నిమ్మనపల్లె, మదనపల్లె వైపు బోరు వేయించడమంటే జూదమే. వెయ్యి అడుగులు దించినా దుమ్ము తప్ప ఏమీ రానివి ఎన్నో. అందుకే పాయింటు పెట్టేవాళ్ళకి అంత గిరాకీ. కొందరిది కొబ్బరికాయ, కొందరిది మిషను. "చంద్రుడి మీద నీళ్ళు కనిపెట్టారు కదా, మన చేని కింద కనిపెట్టలేరా?" అని అడుగుతుంటారు. సబబైన ప్రశ్నే.

బావి గట్టున నిలబడి కేకేస్తే, నీళ్ళ మీద పడిన శబ్దంలో వెయ్యో వంతే లోపలికి పోతుంది. మిగతాదంతా వెనక్కి తిరుగుతుంది. పదార్థం సాంద్రతని అందులో శబ్దవేగంతో గుణిస్తే వచ్చే సంఖ్య గాలికీ నీటికీ సుమారు 3,500 రెట్లు తేడా. ఆ తేడా ఎంత పెద్దదైతే తరంగం అంత గట్టిగా వెనక్కొస్తుంది. తేడా లేనిచోట ప్రతిధ్వనీ లేదు.

భూమిలోనూ ఇదే సూత్రం. హైదరాబాదులోని ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళు 1972-75 మధ్య కావలి నుంచి ఉడిపి దాకా, సుమారు 600 కిలోమీటర్ల పొడవునా పేలుళ్ళు జరిపి, తిరిగొచ్చిన తరంగాలని రికార్డు చేశారు. 35-40 కిలోమీటర్ల లోతున భూపటలం అడుగు ఎక్కడుందో అలాగే తెలిసింది.

మరి అంత లోతు చూసినవాళ్ళకి మూడొందల మీటర్లు ఒక లెక్కా? లెక్కే! చెరువులో అల కట్టకి తగిలితే వెనక్కొస్తుంది, గడ్డిపోచకి తగిలితే దాటిపోతుంది. గట్టిరాతిలో తరంగం సెకనుకి అయిదు కిలోమీటర్లు పోతుంది. సెకనుకి వంద కంపనాలనుకుంటే ఒక్కో అల పొడవు 50 మీటర్లు. మనక్కావలసిన జల ఉండేది వేలెడంత పగుల్లో. అలని పొట్టి చేద్దామంటే, అది అంత లోతుకి వెళ్ళి తిరిగొచ్చేలోపే నేల మింగేస్తుంది.

మన ఊళ్ళకొచ్చే మిషన్లు చాలావరకు తరంగాలవి కాదు, నేలలోకి కరెంటు పంపేవి. పైనున్న మెత్తరాయి ఎక్కడ మందంగా ఉందో అవి బాగానే చెబుతాయి. లోతునున్న సన్నటి పగులు వాటికీ అంతుచిక్కదు.

కాబట్టి నేను చెప్పొచ్చేదేంటంటే, సర్వే చేయించండి, మంచిదే. కానీ కొబ్బరికాయైనా, కంప్యూటరు ప్రింటవుటైనా, "నూటికి నూరుపాళ్ళు పడతాయి" అన్నవాడిని మాత్రం నమ్మకండి. ఎన్ని బోర్ల దగ్గర ఆగాలో రిగ్గు రాకముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. రెండు బోర్లు ఎండిపోయాక మూడోదానికి అప్పు ఇప్పించేది సైన్సు కాదు, ఆశ.