గుండె బలహీనమైనను

హృదయ వైఫల్యమను మాట వినగానే గుండె ఆగిపోయినదని పలువురు తలంతురు. అది సరి కాదు. గుండె కొట్టుకొనుచునే యుండును; కాని దేహమునకు వలసినంత రక్తమును పంపజాలదు. అందుచేత ఊపిరితిత్తులయందును పాదములయందును నీరు చేరును. మేము మూడు సంవత్సరములుగా ఈ వ్యాధితో పాలకుర్తిలో నివసించుచు, మన పాఠశాలలో బోధించుచున్నాము.

ఆరోగ్యవంతుని గుండె తన యెడమ జఠరికలోని రక్తమున నూటికి సుమారు 55 మొదలు 70 పాళ్లు ప్రతి స్పందనమునకును వెలికి నెట్టును. మా గుండె 20 పాళ్లు మాత్రమే నెట్టుచున్నదని వైద్యులు చెప్పిరి. ప్రతి యుదయమున బరువు చూచి వ్రాసికొందుము. రెండు మూడు దినములలో రెండు కిలోలు పెరిగినచో అది కండ కాదు, నీరు. ఆవకాయ మానితిమి; మంచినీరు సయితము కొలిచి త్రాగుదుము. శివరాత్రికి సోమేశ్వరుని గుట్ట యెక్కువారిని క్రిందనుండియే చూచుచున్నాము.

పెక్కండ్రు రోగులు మందులతోనే చాలకాలము జీవింతురు. మందులు చాలని కొందరికి గుండె మార్పిడియే శరణ్యము. 1967 డిసెంబరు 3వ తేదీన దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనులో క్రిస్టియాన్ బర్నార్డు ఒక మానవుని గుండెను మరియొకనికి మొదటిసారి అమర్చెను. ఆ రోగి 18 దినములు జీవించెను. మన దేశమున 1994 ఆగస్టు 3వ తేదీన, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థయందు, తెలుగువారగు డాక్టరు పనంగిపల్లి వేణుగోపాల్ గారు దీనిని సఫలముగా నెరవేర్చిరి.

గుండెను ధనముతో కొనరాదు. 1994 నాటి చట్టము అవయవముల క్రయవిక్రయములను నిషేధించినది. మెదడు శాశ్వతముగా నిలిచిపోయిన వ్యక్తి బంధువులు దుఃఖములో నుండియు సమ్మతించినప్పుడే అది లభించును. 2013లో ఆరంభమైన జీవన్‌దాన్ పథకము వరుస ప్రకారము దానిని రోగికి చేర్చును. తీసిన గుండెను సుమారు నాలుగు గంటలలో అమర్చవలెను. అందుకే 2021 ఫిబ్రవరి 2వ తేదీన హైదరాబాదులో ఒక గుండెను నాగోలు నుండి జూబిలీహిల్సునకు మెట్రో రైలులో కొనిపోయిరి.

మరి ధనమెందుకని అడుగుదురా? శస్త్రచికిత్సకును, ఆ పిమ్మట యావజ్జీవము మ్రింగవలసిన మందులకును. దేహము పరాయి గుండెను త్రోసిపుచ్చకుండ ఈ మందులే కాపాడును. ఒక్క నెల తప్పినను ప్రమాదమే. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణములో 2023 డిసెంబరున 10 లక్షల రూపాయలకు పెంచిరి. అది మావంటివారికి గొప్ప ఆసరా. అయినను ఆసుపత్రి చెంత కొన్ని నెలలు అద్దెకుండుట, జనగామ నుండి రైలు ప్రయాణములు, కుట్టుపని మాని మా వెంట నుండవలసిన మా గృహిణి నష్టపోవు రాబడి, ఇవి మిగిలియే యున్నవి. ఉన్న యెకరము అమ్మినచో పిల్లల చదువు సాగదు.

చేయి చాచుటకు మొదట సంకోచించితిమి. కాని ఈ యూరనే చాకలి ఐలమ్మ తన పంటను ఒంటరిగా ఇల్లు చేర్చలేదు. సంఘమువారు వెంట నిలిచిరి. సాయము కోరుట చిన్నతనమైనచో ఆ కథను మనము గర్వముతో చెప్పుకొనము.

కావున పెద్దలను వేడుచున్నాము: ఒక్కసారి పెద్ద మొత్తము కన్న, ప్రతి నెలయు చిన్న మొత్తము మాకు మేలు. ప్రతి రూపాయికిని లెక్క వ్రాయుచున్నాము, ఎవరైనను చూడవచ్చును. విద్యార్థులారా! మీరు ధనమీయ నక్కరలేదు. అవయవదానమును గూర్చి నేడే మీ యింట మాటలాడుడు. ఆ మాట ముందే జరిగిన యింట, కష్టకాలమున నిర్ణయము కొంత సులభమగును.