శ్రీవిజయపురం నుంచి ఏరియల్ బే దాకా

అండమాన్ దీవులు మయన్మార్‌లోని అరకాన్ యోమా కొండల కొనసాగింపు. ఆ వరుస సముద్రంలో మునిగిపోగా నీటిపైన మిగిలిన శిఖరాలే ఈ దీవులు. వాటిని దక్షిణం నుంచి ఉత్తరానికి కలిపే దారి అండమాన్ ట్రంక్ రోడ్డు. దీని పొడవు సుమారు 330 కిలోమీటర్లు.

దారి మొదలయ్యే శ్రీవిజయపురం 2024 దాకా పోర్ట్ బ్లెయిర్. ఇక్కడి జంగ్లీఘాట్‌లో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకారుల తెలుగు వినిపిస్తుంది. ఊరు దాటితే కొబ్బరి, పోక తోటలు. ఆపైన జిర్కటాంగ్ చెక్‌పోస్టు. అక్కడి నుంచి జరావా ఆదివాసుల అడవి. వాహనాలన్నీ నిర్ణీత వేళకు కాన్వాయ్‌గా కదలాలి. మధ్యలో ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. ఆకాశాన్ని కప్పేసే గర్జన్ మాన్ల మధ్య ప్రయాణం అందంగానే ఉంటుంది. కానీ ఇది జరావాల ఇల్లు, రోడ్డే అందులోకి చొరబడింది. ఈ భాగాన్ని మూసేయమని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించినా రాకపోకలు ఆగలేదు. దారి అందం చెప్పి ఈ మాట దాటవేయడం న్యాయం కాదు.

మిడిల్ స్ట్రెయిట్ దగ్గర రోడ్డుకు సముద్రం అడ్డొస్తుంది. బస్సులు పంటు ఎక్కి బారాటాంగ్ దీవికి చేరతాయి. ఈ దారిలో తీరిగ్గా చూడాల్సిన చోటు ఇదే. సున్నపురాయి గుహలకు పడవలోనే వెళ్లాలి. కాలువ సన్నబడేకొద్దీ మడచెట్ల కొమ్మలు పైన పందిరిలా కలుస్తాయి. వేళ్లు వంపులు తిరిగి బురదలో దిగి ఉంటాయి. ఆటుకు నీరు తగ్గితే వాటి మీద పోటు ఎక్కడిదాకా వచ్చిందో తడిగీత చెబుతుంది. గుహలో పైకప్పు నుంచి జారే సున్నపు నీటి చుక్కలు వేల ఏళ్లుగా పేరుకుని రాతి జడల్లా వేలాడుతున్నాయి. అదే దీవిలో బురద అగ్నిపర్వతం ఉంది. అందులో నిప్పుండదు. నేల అడుగునుంచి తన్నుకొచ్చే వాయువుకు బూడిదరంగు బురద బుడగలా ఉబ్బి, పగిలి, మళ్లీ ఉబ్బుతుంది.

హంఫ్రీ జలసంధి మీది వంతెన దాటితే మధ్య అండమాన్. కదంతల, రంగత్, మాయాబందర్ వరసగా వస్తాయి. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ కాందిశీకులకు ఇక్కడ భూములిచ్చారు. వరిచేలు వాళ్ల చలవే.

ఆస్టిన్ జలసంధి మీద చెంగప్ప వంతెన ఉత్తర అండమాన్‌కు చేరుస్తుంది. ఇక్కడి 732 మీటర్ల శాడిల్ పీక్ అండమాన్‌లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. దాని వాలులో పుట్టిన కల్పాంగ్ నది మీద 5.25 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉంది. 2004 డిసెంబరు 26 భూకంపంలో శ్రీవిజయపురం వైపు నేల కుంగితే, ఉత్తర అండమాన్ పడమటి తీరం పైకి లేచి పగడపు దిబ్బలు నీటి బయట పడ్డాయి.

దిగ్లీపూర్ దాటాక ఏరియల్ బే రేవులో రోడ్డు ముగుస్తుంది. అక్కడి నుంచి పడవలో వెళితే రాస్, స్మిత్ అనే జంట దీవులు. ఆటు వేళ తెల్లని ఇసుకమేట వాటిని కలుపుతుంది, పోటుకు మునిగిపోతుంది.