దల్మా కొండ కింద హండియా

జంషెడ్‌పూర్ చుట్టుపక్కల ద్రాక్షతోటలు లేవు. అయినా తెల్లని పానీయాలను నిదానంగా, శ్రద్ధగా రుచి చూసే అలవాటున్నవాళ్ళు ఒకసారి రావలసిన చోటు ఇది. ఇక్కడ బియ్యాన్ని పులియబెట్టి చేసే హండియా ఉంది. సంతాలులు దాన్ని హండి అంటారు, హో జనం డియాంగ్ అంటారు, ముండాలు ఇలి అంటారు. జార్జియాలో పెద్ద మట్టిజాడీలను నేలలో పాతి, ర్కత్సితెలి అనే తెల్లద్రాక్షను అందులో పులియబెడతారు. ఆ పద్ధతిని 2013లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది. అస్సాంలో దిమాసాలు చేసే బియ్యపు మద్యం జూడిమాకు 2021లో భౌగోళిక గుర్తింపు దక్కింది. హండియా మాత్రం సంతల పక్కన అల్యూమినియం గిన్నెల్లో అమ్ముడుపోతోంది. తాగేవాళ్ళు చాలామందే గానీ, చేసినామె నేర్పు గురించి అడిగేవాళ్ళు అరుదు.

స్టీలు కంపెనీలో పనికని శ్రీకాకుళం, విశాఖ వైపుల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్ళో తరతరాలుగా ఉన్నాయి. కదమాలో, బిష్టుపూర్‌లో మా ఇళ్ళల్లో హండియా మాట ఎత్తితే పెద్దవాళ్ళు మొహం చిట్లించేవారు. కూలి డబ్బులు తగలేసుకునే తాగుడుగానే వాళ్ళకు అది తెలుసు. పండగకు ఇంట్లో కుండ పెట్టుకునే సంతాలులను చూసిన తరవాత నాకు ఆ అభిప్రాయం అన్యాయమనిపించింది. అందుకే మకర పండగ ముందర, ఆ పండగకు పాడే టుసు పాటలు మొదలైన రోజుల్లో, దల్మా కొండ కింద ఒక సంతాల్ ఊరికి వెళ్ళాను.

ఊళ్ళోని సాక్చీ నుంచి సువర్ణరేఖ నది దాటితే మాన్‌గో. ఆ జనసమ్మర్దం వెనకపడి డిమ్నా చెరువు వచ్చేసరికి గాలి మారుతుంది. అక్కణ్ణుంచి మట్టిరోడ్డు. ఊళ్ళో గోడలు చేత్తో మెత్తి నునుపు చేసినవి, అడుగున నల్లటి పట్టీ, పైన ఎర్రమన్ను. వాకిళ్ళలో పేడ కళ్ళాపి ఇంకా తడిగా ఉంది. నన్ను తీసుకెళ్ళిన స్నేహితురాలి మేనత్త ఇల్లు అది. అరవై దాటిన మనిషి. నేను "జొహార్ మౌసీ" అంటే "రా బేటీ, కూచో" అని ఈతాకు చాప పరిచింది.

ముందు పానీయం పోయలేదు. పులియబెట్టడానికి కలిపే మందు 'రాను'ను చూపించింది. ఉసిరికాయంత తెల్లటి ఉండలు, బరువు లేకుండా పొడిపొడిగా ఉన్నాయి. అడవి నుంచి తెచ్చిన వేళ్ళను దంచి, నానబెట్టిన పచ్చిబియ్యప్పిండిలో కలిపి, ఉండలు చేసి, గడ్డి మధ్య పెట్టి మగ్గనిచ్చి ఎండబెడతారు. ఏ వేళ్ళు, ఎన్ని అన్నది ఇంటింటికీ మారుతుంది. మౌసీ తనవి చెప్పలేదు, నేనూ తరచి అడగలేదు. "బజార్లో దొరికే రానుతో చేస్తే పొద్దున్న తల పగిలిపోతుంది" అని మాత్రం అంది.

ఈ చిన్న ఉండలో ఉన్నదంతా చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ద్రాక్షలో చక్కెర పుట్టుకతోనే ఉంటుంది, ఈస్టు దాన్ని ఆల్కహాలు చేస్తే చాలు. బియ్యంలో ఉండేది పిండి. దాన్ని ముందు చక్కెరగా విడగొట్టాలి. రానులో పెరిగిన బూజు ఆ పని చేస్తుంది, అందులోనే ఉన్న ఈస్టు ఆ చక్కెరను ఆల్కహాలు చేస్తుంది, పులుపు పుట్టించే బాక్టీరియా కూడా అక్కడే ఉంటుంది. ఈ పనులన్నీ ఒకే కుండలో, ఒకేసారి సాగుతాయి. జపాన్ వాళ్ళు సాకే కోసం కోజీ బూజును ఎంతో నిష్ఠతో పెంచుతారు. ఆ కోవలోని విద్యనే ఇక్కడి ఆడవాళ్ళు ప్రయోగశాల లేకుండా, వేలి వేడితో, ముక్కుతో నడిపిస్తున్నారు.

అన్నం వండి, చాప మీద పరిచి, పూర్తిగా చల్లారాక రాను పొడి చల్లి కలుపుతారు. "వేడి మీద కలిపితే రాను చచ్చిపోతుంది" అంది మౌసీ. ఈస్టు గురించి ఎవరూ పాఠం చెప్పకుండానే తెలిసిన మాట అది. కుండలోకెత్తి మూతి కప్పి వదిలేస్తే ఎండాకాలంలో రెండు మూడు రోజులకు, చలికాలంలో ఇంకాస్త ఆలస్యంగా పులుస్తుంది. కుండ ఇంటి లోపలి గదిలో ఉంది. ఎందుకంటే దల్మా ఏనుగులు ఆ వాసనకు గోడలు కూల్చుకుని వస్తాయట. ఆ సంగతి మౌసీ నవ్వకుండా చెప్పింది, వాళ్ళ వీధిలో ఒక గోడ కొత్తగా కట్టి ఉంది.

ముందుగా మౌసీ పోసింది 'రాసి'. నీళ్ళు కలపకముందు అన్నంలోంచి తనంతట ఊరి వచ్చే చిక్కటి రసం అది. సాల్ ఆకు దొప్పలో రెండు గుక్కలకు మించి లేదు. మౌసీ తన దొప్పలోంచి కొన్ని చుక్కలు నేలమీద వదిలింది. తమ దేవుడు మరాంగ్ బురుకు, గతించిన పెద్దలకు. తొలి దంపతులు పిల్చు హరామ్, పిల్చు బుఢీలకు ఈ పానీయం చెయ్యడం నేర్పింది మరాంగ్ బురూయే అని సంతాలుల సృష్టికథ. నేనూ అలాగే వదిలి, తరవాత ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మగ్గిన అరటిపండు వాసన, దాని అడుగున పచ్చి ఆకు వాసన. నాలుక మీద తియ్యన, గొంతు దిగేటప్పుడు వెచ్చన.

తరవాత నీళ్ళు పోసి, చేత్తో పిసికి వడకట్టిన హండియా. రంగు పాలనీళ్ళది. ఇది నాకు ఇంకా నచ్చింది. మొదటి గుక్కలో మా అమ్మమ్మ తరవాణి కుండ గుర్తొచ్చే పులుపు, వెంటనే నాలుక చివర సన్నని చురుకు, అంతా అయిపోయాక వేళ్ళ చేదు. ఆ చేదు లేకపోతే పులుపు చప్పబడిపోయేది. నాసిక్ షెనిన్ బ్లాంక్ వైన్‌లో పండు వాసనకూ పులుపుకూ పొత్తు కుదిరిందా అని చూస్తాం కదా, ఇక్కడ తీపి, పులుపు, చేదు మూడూ కుదరాలి.

రెండిళ్ళ అవతల మరొకామె కుండ కూడా రుచి చూశాను. ఆమె ఉప్పుడు బియ్యం వాడింది, ఒక రోజు ఎక్కువ ఉంచింది. తీపి దాదాపు లేదు, పులుపు పదునుగా ఉంది, చేదు వెనక్కి తగ్గింది. ఊరు ఒకటే, నీళ్ళు ఒకటే, అయినా రెండూ వేరు. మౌసీ దాన్ని ఒక్క గుక్క తాగి "ముదిరింది" అంది. తీర్పు అంతే. నాకు మౌసీదే మెరుగనిపించింది.

ఈ రుచి వెనక కష్టం కూడా ఉంది. సంతల్లో, రోడ్ల పక్కన రోజంతా ఎండలో కూచుని హండియా అమ్మే ఆడవాళ్ళు తాగినవాళ్ళ మాటలు పడాలి, మిగిలింది పారబొయ్యాలి. వాళ్ళను ఆ అమ్మకం నుంచి తప్పించి వేరే జీవనం చూపడానికి జార్ఖండ్ ప్రభుత్వం 2020లో ఫూలో ఝానో ఆశీర్వాద్ అభియాన్ మొదలుపెట్టింది. వడ్డీ లేని అప్పు ఇస్తారు, మేకలో, కోళ్ళో, చిన్న దుకాణమో పెట్టుకోవచ్చు. పథకానికి పెట్టిన పేరు 1855 సంతాల్ తిరుగుబాటులోని అక్కచెల్లెళ్ళది. ఇది అవసరమైన పనే. గతిలేక అమ్మడం ఆగాలి. అయితే రాను చెయ్యడం వచ్చిన చేతులకు ఆ విద్య సిగ్గుపడవలసినదని అనిపించకూడదు. మౌసీ కోడలు ఆదిత్యపూర్‌లో ఫ్యాక్టరీ పనికి వెళ్తుంది, రాను చెయ్యడం ఆమెకు ఇంకా రాదు. "వానలు పడ్డాక వేళ్ళు తవ్వడానికి తీసుకెళ్తా" అంటోంది మౌసీ.

వచ్చేటప్పుడు ఒక సీసాలో పోసిమ్మని అడిగాను, కదమాలో నలుగురికి రుచి చూపిద్దామని. మౌసీ ఒప్పుకోలేదు. కుండలో పని ఇంకా జరుగుతూనే ఉంది, మూత బిగిస్తే పొంగి చిమ్ముతుంది, రేపటికి పులిసిపోయి తన పేరు చెడగొడుతుంది అంది. ఎవరికి కావాలంటే వాళ్ళనే ఇక్కడికి తీసుకురమ్మంది, మూడు రోజుల ముందు కబురు పెడితే చాలట.