నోటీసే కదా అనుకున్నాను

"భాయ్, ఫోన్ల ఏదో నోటీస్ అని వస్తుంది. మన మీద కేసు గీసు గాదు గదా?"

2019 రంజాన్‌కు పది రోజుల ముందు మా మొహల్లా పిలగాడొకడు ఫోన్ చేసి అడిగిన మాట ఇది. నవ్వొచ్చింది. "కేసు గాదురా, కంప్యూటర్ నోటీసు. నువ్వు నీ పని చేసుకో" అన్నాను. ఆ నవ్వుకు మూడేళ్ల తర్వాత ఎంత సిగ్గుపడ్డానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా మసీదు కమిటీ ఏటా రంజాన్‌లో పేద ఇళ్లకు రేషన్ ఇస్తుంది. బియ్యం, నూనె, పప్పు, ఖర్జూరాలు, ఈద్‌కు సేమియా. లిస్టంతా ఓ నోటుపుస్తకంలో ఉండేది. ఒకే పేరు రెండుసార్లు రావడం, ఇల్లు మారినవాళ్ల పేరు అలాగే ఉండిపోవడం మామూలే. "నువ్వు పేపరోనివి, కంప్యూటర్ నీకొస్తది, ఏదన్న చెయ్" అన్నారు సదర్ సాబ్. బ్లాగు కోసం అంతకుముందు పీహెచ్‌పీ కొంచెం నేర్చుకుని ఉన్నాను. ఆ ధైర్యంతో ఓ ఫారం తయారు చేశాను. పిలగాళ్లు ఇంటింటికీ పోయి ఫోన్‌లో నింపుతారు. పేరు, గల్లీ, ఇంట్లో ఎంతమంది. మూడోదానికి టైప్ చేసే పని లేకుండా మూడు గుండ్రాలు పెట్టాను. ఇద్దరు ముగ్గురుంటే పది కిలోల బియ్యం, నలుగురి నుంచి ఆరుగురికి ఇరవై, ఏడుగురు ఆపైన ముప్పై. ఏది ఒత్తితే అన్ని కిలోల కూపన్ అచ్చవుతుంది.

నోటీస్ ఎందుకు వచ్చిందంటే, నేను రాసిన ఒక లైన్‌లో 'మెంబర్స్' అనే మాటకు కొటేషన్ గుర్తులు పెట్టలేదు. మా హోస్టింగ్‌లో అప్పటికింకా పీహెచ్‌పీ పాత వెర్షన్ 5.6 నడుస్తోంది. అది ఏమంటుందంటే, ఈ పేరుతో నాకేమీ తెలియదు, నువ్వు మామూలు మాటే రాయబోయావని అనుకుంటున్నాను, అని ఒక నోటీస్ ఇచ్చి పని కానిచ్చేస్తుంది. అంటే గుమాన్ మీద బండి నడుపుతుందన్నమాట. ఇంటింటికీ అదే నోటీస్. పిలగాళ్లకు చిరాకు, నాకు నామోషీ.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసే మా ఆపా కొడుక్కి ఫోన్ చేశాను. "నోటీస్ అంటే పెద్దదేం గాదు మామూ, పని ఆగదు. ఇప్పటికి ఆ లైన్‌ల ఎట్ గుర్తు పెట్టు, గాయబ్ అయితది. తీరికగ అసలు సంగతి చూసి తీసెయ్" అన్నాడు. మొదటి సగం విన్నాను. పెట్టాను. గాయబ్ అయింది. రెండో సగం మర్చిపోయాను.

ఈ-మెయిల్ అడ్రసులో మధ్యన వస్తుందే, ఆ ఎట్ గుర్తే. పీహెచ్‌పీలో దాన్ని ఒక మాట ముందు పెడితే, అక్కడ పుట్టే ఫిర్యాదు బయటికి రాదు. ప్రోగ్రామర్లు సరదాగా దాన్ని 'నోర్ముయ్' గుర్తు అంటారు. తప్పు పోదు, తప్పు గురించిన మాట పోతుంది.

ఇక్కడ పీహెచ్‌పీ తప్పులను ఎలా తూకం వేస్తుందో కొంచెం చెప్పాలి. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో బయటపెట్టిన ఈ భాషలో తప్పులన్నీ ఒక్కటి కావు. వాటికి దర్జాలున్నాయి, ప్రతి దర్జాకూ ఒక నంబరుంది. ఫేటల్ ఎర్రర్ 1, వార్నింగ్ 2, పార్స్ ఎర్రర్ 4, నోటీస్ 8. ఇలా రెట్టింపవుతూ పోతాయి. ఏ దర్జా తప్పులు నాకు చెప్పాలి, ఏవి చెప్పనక్కర్లేదు అని మనం ఆ నంబర్లను కలిపి హుకుం ఇవ్వొచ్చు.

మొదటిసారి చదివినప్పుడు నాకిది కొత్తగా అనిపించలేదు. చిన్నప్పుడు మక్తబ్‌లో మౌల్వీ సాబ్ నేర్పిన నమాజు మసాయిల్ గుర్తొచ్చాయి. మన హనఫీ మస్లక్‌లో నమాజులో ఫర్జ్ తప్పితే, ఉదాహరణకు రుకూ వదిలేస్తే, ఆ నమాజే కాదు, మళ్లీ చదవాలి. అది ఫేటల్ ఎర్రర్, పని అక్కడికక్కడ ఆగిపోతుంది. వాజిబ్ మర్చిపోతే, రెండు రకాతుల తర్వాత కూర్చోవడం మర్చిపోయామనుకోండి, నమాజు సాగుతుంది గానీ చివర్లో సజ్దా-ఎ-సహ్వ్ చేసి సరిదిద్దుకోవాలి. అది వార్నింగ్. సున్నత్ ఏదైనా, సనా చదవడం లాంటిది మర్చిపోతే నమాజు అవుతుంది, సజ్దా-ఎ-సహ్వ్ కూడా అక్కర్లేదు. అది నోటీస్. పార్స్ ఎర్రర్ ఇంకా ముందు సంగతి. రాసిందే చదవడానికి రాదు కాబట్టి పని మొదలే కాదు. వుజూ లేకుండా నిలబడ్డట్టు. ముఫ్తీ సాబ్‌లు మన్నించాలి, నేను మసలా చెప్పడం లేదు. నాకు బుర్రకెక్కిన తీరు చెబుతున్నాను.

పార్స్ ఎర్రర్‌లలో ఒకటి నన్ను చాలా రోజులు వెంటాడింది. రెండు కోలన్లు పక్కపక్కన రాకూడని చోట వస్తే పాత పీహెచ్‌పీ 'పామాయిమ్ నెకుదోతాయిమ్' అని అరిచేది. అది ఇంగ్లిషు కాదు, హీబ్రూ. ఈ భాష ఇంజన్ రాసిన జీవ్ సురాస్కీ, ఆండీ గుట్మన్స్ ఇజ్రాయెల్ వాళ్లు, తమ మాటనే పెట్టుకున్నారు. ప్రపంచమంతా ఇదేం భాషని తల పట్టుకుంటే, ఉర్దూ మీడియంలో చదివిన నా కంటికి అందులో నుక్తా కనపడింది. అరబీ నుక్తా, హీబ్రూ నెకుదా అక్కాచెల్లెళ్లు. రెండు నుక్తాల జత అని దాని అర్థం. నుక్తా విలువ మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక నుక్తా జారి కిందికొస్తే 'ఖుదా' కాస్తా 'జుదా' అవుతుంది. అలా చదువుకున్నవాణ్ని, రెండు కొటేషన్ గుర్తులను చిన్న విషయం అనుకున్నాను.

ఇంకో సంగతి. పీహెచ్‌పీలో వేరే ఫైలును పిలవడానికి రెండు మాటలున్నాయి, ఇన్‌క్లూడ్, రిక్వైర్. ఆ ఫైలు కనిపించలేదనుకోండి. ఇన్‌క్లూడ్ అని పిలిచి ఉంటే వార్నింగ్ ఇచ్చి ముందుకు పోతుంది. రిక్వైర్ అని పిలిచి ఉంటే ఫేటల్, అక్కడే ఆగిపోతుంది. లేనిది అదే ఫైలు. తేడా అంతా అది నాకు ఎంత జరూరీయో నేను ముందే ఏం చెప్పానన్న దాంట్లో ఉంది. తప్పు బరువు తప్పులోనే లేదు. అది రాసినవాడి నియ్యత్‌లో కూడా ఉంది.

మూడు రంజాన్లు గడిచాయి. 2020 రంజాన్ లాక్‌డౌన్‌లో వచ్చింది. తరావీహ్ ఇళ్లలోనే చదువుకున్నాం. పనులు లేవు, మార్కెట్ లేదు. ఆ ఏడు మా కూపన్ల మీదే పొయ్యి వెలిగిన ఇళ్లు చాలా ఉన్నాయి. 2021లో సెకండ్ వేవ్. రెండేళ్లూ లిస్టు చకచకా వచ్చింది, ఒక్క నోటీస్ లేకుండా. "మాషా అల్లాహ్, నీ కంప్యూటర్ బాగ పని చేస్తుంది" అన్నారు సదర్ సాబ్. నేనూ ఖుష్ అయ్యాను.

2022 మొదట్లో హోస్టింగ్ వాళ్లు పీహెచ్‌పీ 8కి మారారు. రంజాన్‌కు ముందు ఫారం తెరిస్తే బాగానే ఉంది, పేరు నింపి పంపితే తెల్ల పేజీ. ఎర్రర్ లాగ్ చూస్తే, నేను నోరు మూయించిన ఆ లైనే. నా తప్పు మారలేదు, దాని దర్జా పెరిగింది. కొటేషన్ గుర్తులు మర్చిపోవడం పాత వెర్షన్లలో నోటీస్, 7.2లో వార్నింగ్, 8కి వచ్చేసరికి ఫేటల్. ఎట్ గుర్తు కూడా ఇక దాన్ని మూయలేదు.

గుర్తులు పెట్టాను. ఎట్ తీసేశాను. మా ఇంటి పేరుతో పంపి చూస్తే సాఫ్‌గా పోయింది. పిలగాళ్లు మళ్లీ గల్లీల్లోకి పోయారు. ఆ రాత్రి ఇషా తర్వాత ఎందుకో లాగ్ తెరిచాను. ఒకే ఒక్క లైన్ ఉంది. సాయంత్రం ఐదూ నలభైకి ఒక వార్నింగ్. 'మెంబర్స్' అనేది అసలు రాలేదని.

అప్పుడు గుర్తొచ్చింది. 2019లో పిలగాడు పంపిన ఫొటోలో నోటీస్‌లు రెండున్నాయి. మొదటిది ప్రతి ఇంటికీ వచ్చేది. రెండోది ఎప్పుడో ఒకసారి. మొదటిదాని గోలలో రెండోదాన్ని నేను చదవనే లేదు. ఎట్ గుర్తు రెండింటి నోరూ మూసింది.

"ఐదూ నలభైకి ఎవరింట్ల ఉన్నవ్‌రా?" అని పిలగాణ్ని అడిగాను. పేరు చెప్పాడు. "ఆ ఖాలా ఒక్కతే ఉంటది భాయ్. గుండ్రాలల్ల ఒకరు అని లేదు గదా. అందుకే ఏదీ ఒత్తలే."

ఇద్దరు ముగ్గురు. నలుగురి నుంచి ఆరుగురు. ఏడుగురు ఆపైన. ఇంట్లో ఒక్కరే ఉండే మనిషి నా ఖయాల్‌లోకే రాలేదు. అమ్మీ, అబ్బా, బీబీ, పిల్లలతో నిండిన ఇంట్లో కూర్చుని రాశాను ఆ ఫారం. గుండ్రం ఒత్తకపోతే ఆ ఖానా ఖాళీగా కూడా రాదు, అసలు రాదు. రాకపోతే కిలోలు సున్నా. సున్నా ఉన్న పేర్లకు కూపన్ అచ్చుకాదు. ఆ షరతు కూడా నేను రాసిందే, కాగితం వేస్ట్ కాకూడదని. ఖాళీ కూపన్ ఒక్కటి వచ్చినా ఎవరో ఒకరు అడిగి ఉండేవారు.

పాత లిస్టులు తీశాను. కిలోల దగ్గర ఏమీ లేని పేర్లు నాలుగు. ముగ్గురు బేవాలు, ఒక ముసలాయన. మూడేళ్లు వాళ్ల పేర్లు రాసుకున్నాం, ఒక్క గింజ ఇవ్వలేదు.

పీహెచ్‌పీ లెక్కలో అది నోటీస్, ఎనిమిదో నంబరు. పని ఆగదు. నిజమే, ఆగలేదు. కూపన్లు అచ్చయ్యాయి, బండ్లు కదిలాయి, మేం ఫొటోలు దిగాం. ఆగింది ఆ నాలుగు పొయ్యిల దగ్గర.

మర్నాడు బియ్యం పట్టుకుని ఆ ఖాలా ఇంటికి పోయాను. గడపలోనే నిలబడి, తప్పు నాదని చెప్పాను. కంప్యూటర్ అనలేదు, నేను అన్నాను. ఆమె కాసేపు ఏం మాట్లాడలేదు.

"ఆ పిలగాడు ఒక్కదానివేనా అని అడిగిండు బేటా. హౌ, ఒక్కదాన్నే అన్న. ఒక్కదానికి ఎందుకులే అని తీసేసిన్రేమో అనుకున్న."

"మరి ఒక్కసారన్న అడగకపోతివి ఖాలా?"

"ఎట్ల అడగాలె? పక్కింట్ల ఎనిమిది మంది ఉన్రి."

ఆమె గుమాన్ చేసింది. కానీ ఆమె గుమాన్ నిజమే. ఒక్కతే కాబట్టే ఆమె పేరు పోయింది. లాక్‌డౌన్‌లో పక్కింటి వాళ్లే ఇఫ్తార్‌కు ఇంత పంపేవారట. ఆ ఎనిమిది మంది వాటాలోంచి.

మాఫీ అడిగాను. "మాఫ్ చేసిన, పో" అంది. "చాయ్ తాగుతవా" అంది వెంటనే. రోజాలింకా మొదలుకాలేదు, తాగాను.

మిగతా ఇద్దరు ఖాలాల ఇళ్లకూ పోయాను. వాళ్లూ మాఫ్ చేశారు. హుఖూఖుల్ ఇబాద్ గురించి జుమా బయాన్లలో ఎన్నిసార్లు విన్నామో మనం. అల్లాహ్ హక్కులో లోటు చేస్తే తౌబాతో అల్లాహ్ మాఫ్ చేస్తాడు, బందా హక్కులో లోటు చేస్తే ఆ బందా దగ్గరికే పోవాలని. దానికి సజ్దా-ఎ-సహ్వ్ లేదు.

నాలుగో ఇంటికి తాళం ఉంది. ఆ ముసలాయన సెకండ్ వేవ్‌లో ఇంతెఖాల్ అయ్యారని పక్కవాళ్లు చెప్పారు. జనాజాకు నలుగురే పోయారట.

ఫారంలో ఇప్పుడు మొదటి గుండ్రం 'ఒక్కరే'. ఏదీ ఒత్తకపోతే ఫారం ముందుకు కదలదు, జరూరీ అని రాసిపెట్టాను. ఎట్ గుర్తులు మొత్తం పదకొండు దొరికాయి, అన్నీ తీసేశాను. వాటి వెనక ఏముందో ఒక్కోటి కూర్చుని చూశాను. రంజాన్ పనుల రోజుల్లో ఇషా తర్వాత లాగ్ చదవడం అలవాటైంది, నోటీస్‌లతో సహా.

ఏటా కిట్లు పంచే రోజు ఒక కిట్ నా డబ్బులతో కొంటాను, ఆ ముసలాయన తరఫున సద్ఖాగా. ఆయనకు మగ్ఫిరత్ దువా చేస్తాను. కూపన్ మీద ఆయన పేరే రాసి, ఆ గల్లీలో ఒక్కరే ఉంటున్న ఇంకెవరికైనా ఇచ్చి వస్తాను. మాఫీ అయిందో లేదో ఆ లాగ్ నాకిక్కడ కనపడదు.