సర్దుకుపోవడం కాదు, మారడం

“మార్పు సహజం వదినా, ఒప్పుకోవాలి” అన్నాడు మా మరిది. నా భర్త పోయి అప్పటికి మూడు నెలలు. ఇల్లు అమ్మేసి అబ్బాయి దగ్గరికి వెళ్లిపొమ్మని అతని ఉద్దేశం. మార్పు గురించి ఆడవాళ్లకి చెప్పే మాటల వెనక సర్దుకుపొమ్మనే సలహా ఎందుకు దాక్కుని ఉంటుందో!

ఆ రోజుల్లోనే ఒక స్నేహితురాలు ఇచ్చిన పుస్తకంలో ఐరీన్ చౌ నైరూప్య చిత్రాలు చూశాను. ఆమె 1924లో షాంఘైలో పుట్టింది. 1949లో హాంకాంగ్ చేరింది. మొదట సంప్రదాయ పద్ధతిలో బొమ్మలు వేసి, తర్వాత లూయి షౌ-క్వాన్ దగ్గర కొత్త సిరా చిత్రకళ వైపు మళ్లింది. 1975లో ఆ గురువు, 1978లో సినిమా దర్శకుడైన భర్త యి వెన్ చనిపోయారు. 1991లో ఆమెకి పక్షవాతం వచ్చింది. ఆ తర్వాత ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో స్థిరపడి, మళ్లీ కుంచె పట్టింది. 2011లో అక్కడే కన్నుమూసింది.

నల్లటి సిరాలో సుడులు తిరిగే గీతలు, చీకట్లో ఒక గుండ్రటి వెలుగు. అది గ్రహమా, విత్తనమా, గర్భమా? ఏ పేరు పెట్టినా ఇంకోటి మిగిలిపోతుంది.

చైనా ఆలోచనలో మార్పుకి మూలగ్రంథం యిజింగ్. ఆరేసి గీతలతో 64 ఆకృతులు. తెగని గీత యాంగ్, తెగిన గీత యిన్. ఏదీ స్థిరం కాదు, ఒకటి ఇంకొకటిగా మారుతూనే ఉంటుంది. వినడానికి ఎంత బావుంది! కానీ దానికి చేర్చిన పాత వ్యాఖ్యానాల్లో ఆకాశం పైన, భూమి కింద. పురుషుడు ఆకాశం, స్త్రీ భూమి. అన్నీ మారతాయి, ఆ వరస తప్ప. ఓర్పులో భూదేవిలా ఉండాలని విని పెరిగిన మనకి ఇది కొత్తేమీ కాదు.

చౌ తన చిత్రాలు కొన్నింటికి ‘విశ్వమే నా హృదయం’ అని పేరు పెట్టుకుంది. విశ్వం, మనసు వేరు కావన్నది సోంగ్ కాలపు తాత్వికుడు లూ జియుయువాన్ ఆలోచన. ఆయన అన్నప్పుడు అది తత్వం. ఒంటరిగా మిగిలిన ఒక స్త్రీ అన్నప్పుడు అది హక్కు కూడా అనిపించింది నాకు. భూమిగా ఉండమన్న చోట ఆమె విశ్వాన్నంతా తనదనుకుంది.

బాధ వల్లే గొప్ప చిత్రాలు పుడతాయని నేననను. పక్షవాతం ఆమె కోరుకున్నది కాదు. కానీ ఆ తర్వాత కాగితం మీద ఏం జరగాలో ఆమే నిర్ణయించుకుంది. సర్దుకుపోవడానికీ మారడానికీ తేడా అదేనేమో.

యిజింగ్‌లో 63వ ఆకృతి పేరు ‘పూర్తయింది’. చిట్టచివరి 64వ దాని పేరు ‘ఇంకా పూర్తి కాలేదు’.

నేను ఇల్లు అమ్మలేదు. ముందు గదిలో ఆయన పడక్కుర్చీ తీయించి, కిటికీ పక్కన నా రాతబల్ల వేయించుకున్నాను. మొన్న మరిది వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఏంటి వదినా, ఇంతలా మార్చేశారు?” అన్నాడు.