అడవి పండుగకు తలకట్లు



ఈసారి పాఠాల సంగతి కాదు, మా ఇంటి సంగతి వ్రాస్తున్నాను. చిక్కబళ్ళాపురంలో ఉన్న మా మనవరాలికి గడచిన డిసెంబరులో ఆరేండ్లు నిండాయి. పుట్టినరోజు "అడవి"లాగా జరగాలని దాని కోరిక. వచ్చే పిల్లలందరికీ జంతువుల చెవులున్న తలపట్టీలు కావాలట. అంగడిలో దొరికే ప్లాస్టిక్ పట్టీలు చెవుల వెనుక నొక్కి పిల్లలను ఏడిపిస్తాయి. అందుకని బాగేపల్లి నుండి వస్తూ పాత పెండ్లిపత్రికల కట్ట ఒకటి వెంట తెచ్చుకున్నాను.

మీరూ చేయదలచుకుంటే ఒక మాట. అట్టను తల చుట్టూ పూర్తిగా త్రిప్పకండి. ఆ వయసు పిల్లల తల చుట్టుకొలత సుమారు 50 సెంటీమీటర్లు ఉంటుంది. ముందువైపు 38 సెంటీమీటర్ల అట్ట, వెనుక 10 సెంటీమీటర్ల ఎలాస్టిక్ పెడితే కొంచెం సాగి ఏ తలకైనా సరిపోతుంది. పిన్నుల మొనలు బయటివైపుకు ఉండాలి, వాటిపై టేపు తప్పనిసరి. ఏనుగు చెవులు వాలిపోతుంటే వెనుక చీపురుపుల్ల అంటించాను. సింహం జూలుకు కొబ్బరిపీచు పెట్టి పొరపాటు చేశాను. నుదుట గుచ్చుకుంటుంటే తీసి ఊలుదారం కట్టవలసివచ్చింది.

అలవాటు కొద్దీ ప్రతి పట్టీపైనా జంతువు పేరు తెలుగులో వ్రాశాను. మనవరాలు ఒకటి చేతిలోకి తీసుకుని, "అవ్వా, కన్నడం తప్పు వ్రాసినావు. తలకట్టు ఎందుకు ఇట్లా నిలబడింది?" అన్నది.

ముప్పై ఏండ్లుగా ఊరి పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించినదానను. ఇంట్లో తెలుగే మాట్లాడే నా మనవరాలికి ఒక్క అక్షరమూ నేర్పలేదని ఆ క్షణాన తెలిసివచ్చింది. బడిలో కన్నడం, ఇంగ్లీషు చెబుతున్నారు కదా, మూడవ లిపి పెడితే తికమక పడుతుందని మా అమ్మాయి అన్నది. నేనూ తల ఊపాను. ఇతరుల పిల్లల విషయంలో అదే మాటను ఎన్నిసార్లు ఖండించానో!

తప్పు కాదు, ఇది తెలుగు అని చెప్పి, పట్టీలు ముందు పరచుకుని ఇద్దరమూ కూర్చున్నాము. రెండు లిపులూ ఒకే పాతలిపి నుండి విడిపోయినవే. కన్నడంలో తలకట్టు పడుకుని ఉంటుంది, తెలుగులో లేచి నిలుస్తుంది. గ, ద, న, ర లకు తలకట్టు మార్చి చూపితే చాలు, చదివేసింది. జ, ట, బ, ల లకు రెండింటిలోనూ తలకట్టే లేదని తానే కనిపెట్టి చప్పట్లు కొట్టింది. క, త లు మాత్రం కొంత ఇబ్బంది పెట్టాయి. అక్షరాలను పోల్చి చెప్పకూడదని శిక్షణలో మాకు నేర్పిన సూత్రాన్ని ఆనాడు ప్రక్కన పెట్టాను.

మా పుట్టిల్లు చింతామణి. అక్కడికి దగ్గరలోని కైవారం తాతయ్య తెలుగు కీర్తనలను కన్నడ లిపిలోని పుస్తకం చూసి పాడేవారిని చిన్నప్పటినుండీ ఎరుగుదును. భాష తెలుగు, కంటికి కనబడేది కన్నడం. మా మనవరాలికి ఆ దారి తిరగవేసి చూపవలసివచ్చింది, అంతే.

సాయంత్రం పట్టీలను అదే పేరు చదివి పంచింది. "నక్క" వద్ద ప్రక్కింటి కన్నడ పిల్లవాడు పకపక నవ్వాడు. కన్నడంలో నక్క అంటే నవ్వాడు అని అర్థం. ఆ పట్టీ నాకే కావాలని పట్టుబట్టి పెట్టుకున్నాడు. కేకు కోసేవరకూ తీయలేదు.